ఉలవచారు ఎవరికి తెలుసు?

(గ్రంథాలయ వారోత్సవాల్లో, కావలిలో చేసిన ప్రసంగం)

సభలో ఉన్న పెద్దలకు, వానలో తడుస్తూ వచ్చిన పిల్లలకు నమస్కారం. ఏటా నవంబరు 14 నుంచి 20 దాకా ఈ వారోత్సవాలు జరుగుతాయి. మన వైపు సరిగ్గా ఈశాన్య రుతుపవనాల వానలు పట్టుకునే రోజులు. ఇట్లాంటి సాయంత్రం పొయ్యి మీద మరిగే చారును వదిలిపెట్టి మీరు వచ్చారు. నేనూ ఆ చారు గురించే మాట్లాడతాను. ఒక ఇంట్లో వంట ఒకరి నుంచి ఒకరికి ఎట్లా అందుతుంది, ఎక్కడ తెగిపోతుంది అన్నది నా పుట్టింట్లో, మెట్టినింట్లో చూసినంత వరకు చెబుతాను.

నేను పుట్టింది పొదిలి దగ్గర ఒక పల్లెలో. మెట్ట ప్రాంతం. కంది, సజ్జ, జొన్న. చెరువు నిండిన ఏడాదే మాకు చేపల కూర. మెట్టినిల్లు అల్లూరు దగ్గర. ఇస్కపల్లి ఉప్పు మళ్లు అక్కడికి దగ్గరే, సముద్రమూ దగ్గరే. వాళ్లకు వారంలో రెండు రోజులు చేప లేకపోతే ముద్ద దిగదు.

పెళ్లయిన మొదటి వేసవిలో మా అత్తమ్మ నన్ను పొయ్యి పక్కన పీట వేసి కూర్చోబెట్టింది. మట్టిచట్టిలో నూనె కాగింది. ఉల్లిపాయ, పచ్చిమిరప, కరివేపాకు వేగాయి. పసుపు, కారం, ఉప్పు, ధనియాల పొడి పడ్డాయి. చింతపండు పులుసు పోసి, అది తెర్లుతుండగా చేప ముక్కలు ఒక్కొక్కటే జారవిడిచింది. కాసేపటికి మామిడికాయ ముక్కలు, టెంకతో సహా. అంతే, ఇక గరిటె ముట్టుకోలేదు. చట్టి అంచుల్ని రెండు గుడ్డపేలికలతో పట్టుకొని కుడికి ఒకసారి, ఎడమకి ఒకసారి మెల్లగా తిప్పింది. గరిటె పెడితే ముక్క చిదురైపోతుంది. దించే ముందు ఎర్రగా వేయించి దంచిన మెంతులు, ఆవాలు, జీలకర్ర పొడి చల్లి మూత పెట్టింది.

నేను నోటుపుస్తకం పట్టుకొని కూర్చున్నాను. "చింతపండు ఎంత అత్తమ్మా?" అన్నాను. "నిమ్మకాయంత" అంది. చిన్న నిమ్మకాయా, పెద్ద నిమ్మకాయా? "మామిడికాయ పుల్లదైతే చిన్నది, కాకపోతే పెద్దది." ఎంతసేపు ఉడకాలి? "నూనె పైకి తేలిందాకా." నా పుస్తకంలో ఒక్క అంకె కూడా పడలేదు. అప్పుడు విసుగొచ్చింది. తర్వాత తెలిసింది, తప్పు నా ప్రశ్నలో ఉందని. వంట తెలిసినవాళ్లు "ఎంత" అని చూడరు, "ఎప్పుడు" అని చూస్తారు. వాసన మారినప్పుడు, నూనె తేలినప్పుడు, బుడగలు చిన్నవై చిక్కబడినప్పుడు. అడిగేవాళ్లు అట్లా అడగాలి: "అయిందని నీకు ఎట్లా తెలుస్తుంది?" ఆ ఒక్క ప్రశ్నకి అత్తమ్మ అరగంట మాట్లాడింది.

ఆ పులుసు ఆ పూట తినేది కాదని మీకు చెప్పక్కర్లేదు. రాత్రంతా ఉంటేనే పులుపూ ఉప్పూ ముక్కలోకి దిగుతాయి. పొద్దున చద్దన్నంలోకి అది ఉంటే ఇంకేం అక్కర్లేదు. చట్టి మట్టిదే ఎందుకంటే, చింతపండు పులుపు అల్యూమినియాన్ని తినేస్తుంది. మా పుట్టింట్లో పప్పుచారు రాచ్చిప్పలో, అంటే రాతిగిన్నెలో, కాసేది కూడా అందుకే.

ఇప్పుడు అసలు విషయం. మా మామ పోయాక దాదాపు ఆరు నెలలు ఆ ఇంట్లో పులుసు కుదరలేదు. చెయ్యి అదే, చట్టి అదే, చింతపండు అదే. ఒకరోజు అత్తమ్మ ముద్ద నోట్లో పెట్టుకొని, "మీ మామ తెచ్చిన చేప కాదు గదా" అంది. అప్పటిదాకా నాకు తట్టలేదు. అత్తమ్మ జీవితంలో ఒక్కసారి కూడా చేప కొనలేదు. మొప్ప ఎత్తి ఎరుపు చూడటం, వేలితో నొక్కి వదిలితే గుంట పడుతుందా లేదా చూడటం, పులుసుకి ఏ సైజు చేప కావాలో ఎంచడం, అవన్నీ మామకే తెలుసు. ఆమె పులుసులో సగం ఆయన దగ్గర ఉండేది. ఆయన ఎవరికీ చెప్పలేదు, ఎవరూ అడగలేదు.

ఎందుకు అడగలేదు? ఆ ఇంట్లో మగవాళ్లు ముందు తినేవాళ్లు. ఆడవాళ్లు వడ్డించి, చివర్లో వంటింట్లో కూర్చునేవాళ్లు. అత్తమ్మ విస్తట్లోకి తోక ముక్క వచ్చేది, దానితోనే సరిపెట్టుకునేది. చేప తెచ్చినాయనా, వండినావిడా ఒకే పూట ఎదురెదురుగా కూర్చొని ఆ చేప గురించి మాట్లాడుకున్నది లేదు. నలభై ఏళ్ల కాపురంలో! ఇది నాకు ఇప్పటికీ బాధే. ఆ ఇంట్లో నేను పట్టుబట్టి మార్చింది ఒక్కటే: గిన్నెలన్నీ మధ్యలో పెట్టి, అందరం ఒకేసారి కూర్చోవడం. మొదట్లో అత్తమ్మకి ముద్ద మింగుడుపడేది కాదు. రెండో నెలకల్లా, "ఈ చేప ఎక్కడ కొన్నావురా, కండ వదులుగా ఉంది" అని మా మరిదిని నిలదీసింది. మరిది అట్లానే నేర్చుకున్నాడు.

ఇక మా అమ్మ ఉలవచారు. అమ్మ పోయి 20 ఏళ్లు దాటింది. అమ్మ ఉన్నప్పుడు నేను అడగలేదు. మళ్లీ వెళ్లినప్పుడు అడగొచ్చులే అనుకున్నాను. తర్వాత చేసి చూస్తే చారు పలచగా, పచ్చివాసనతో వచ్చేది. ఉలవలు కుక్కర్లో పెట్టి ఎన్ని విజిల్స్ రానిచ్చినా అంతే.

పొదిలి వెళ్లినప్పుడల్లా ఒక్కొక్కరిని అడగడం మొదలుపెట్టాను. మా పిన్ని చెప్పింది: చింతపండు రసం మొదటే పోయకూడదు, ఉలవలు ఉడికిన నీళ్లు, అంటే కట్టు, సగానికి మరిగాక పోయాలి. మా చెల్లెలు చెప్పింది: అమ్మ మీగడను చారులో కలిపేది కాదు, ముద్ద మీద వేసేది. రెండూ చేశాను. దగ్గరికొచ్చింది గానీ, అది రాలేదు.

చివరికి దొరికింది మా అన్న దగ్గర. ఆయన ఈ రోజు వరకు చారు కాచిన మనిషి కాదు. భోజనం దగ్గర నేను అమ్మ చారు రావడం లేదని వాపోతుంటే, "ఉలవలు వంటింట్లో ఎక్కడ ఉడికాయే? కొట్టంలో గదా!" అన్నాడు. మా ఇంట్లో ఒంగోలు ఎడ్లుండేవి. ఉలవలు ఉడికేది వాటి కోసం. సాయంత్రం అన్న పెద్ద కాగులో నీళ్లు, ఉలవలు పోసి, కందికంప మంట పెట్టి, కాస్త ఉడుకుపట్టాక మంట తీసేసి, నిప్పుల మీద బూడిద కప్పి వదిలేసేవాడట. తెల్లవారేదాకా అట్లా మగ్గేవి. పొద్దున గుగ్గిళ్లు ఎడ్లకి, వడకట్టిన కట్టు వంటింటికి. అమ్మ చేతికి వచ్చేసరికే చారు సగం అయిపోయి ఉండేది. ఆ సగం చేసినవాడు అప్పటికి పదిహేనేళ్ల కుర్రాడు. వంట గురించి వాణ్ణి ఎవరడుగుతారు?

నెల్లూరులో స్వర్ణాల చెరువు దగ్గర, బారా షహీద్ దర్గాలో మొహర్రం నాడు జరిగే రొట్టెల పండుగ మీకందరికీ తెలుసు. కోరిక తీరినవాళ్లు రొట్టె తెచ్చి, అదే కోరిక ఉన్నవాళ్లకి నీళ్లలో నిలబడి ఇస్తారు. తీసుకున్నవాళ్లు తమ కోరిక తీరాక మళ్లీ రొట్టె తెచ్చి ఇంకొకరికి ఇవ్వాలి. చదువు రొట్టె, పెళ్లి రొట్టె, ఉద్యోగం రొట్టె. అక్కడ ఎవరూ మొహమాటపడరు, "చదువు రొట్టె ఎవరి దగ్గరుంది?" అని గట్టిగా కేకేసి అడుగుతారు. ఇంట్లో మనం అట్లా అడగలేకపోతున్నాం. అమ్మకి తెలుసులే అనుకుంటాం, అక్క రాసుకునే ఉంటుందిలే అనుకుంటాం.

పిల్లలకి ఒక మాట. మీ చేతిలో ఫోన్లున్నాయి. అవ్వ పులుసు పెడుతుంటే వీడియో తీయండి, మంచిదే. దానితో పాటు ఒక పని చేయండి. ఆమె చేతిలోకి తీసుకున్న ఉప్పుని, చింతపండుని చట్టిలో పడకముందు ఒక్క నిమిషం తూకం వేయండి. ముందు తూచి ఇస్తే ఆమె చెయ్యి తడబడుతుంది, చెయ్యి తీసుకున్నాక తూచాలి. మా అత్తమ్మ "పెద్ద నిమ్మకాయ" 60 గ్రాములు తూగింది. ఆ అంకె పక్కనే ఆ రోజు మామిడికాయ పుల్లగా ఉందో లేదో కూడా రాయండి. తాతని కూడా వదలకండి. పొయ్యి ముట్టించనివాళ్లకు ఏం తెలుసు అనుకుని నేను పదేళ్లకు పైగా పోగొట్టుకున్నాను.

పోయిన వేసవిలో మా అన్న పొదిలి నుంచి బస్సులో వస్తూ గోతాంలో ఉలవలు, ఇంకో గోతాంలో కందికంప నరికి తెచ్చాడు. కండక్టరు లగేజీ టికెట్ కొట్టాడు. ఇక్కడ మా అపార్ట్‌మెంట్ మేడ మీద మూడు ఇటుకలు పెట్టి, కాగు ఎక్కించాం. రాత్రంతా అన్న, నా మనవరాలు వంతులేసుకొని బూడిద సర్దారు. తెల్లవారుజామున నాలుగున్నరకి ఆ పిల్ల వచ్చి నన్ను లేపింది. "అవ్వా, తాత అయిందంటున్నాడు. ఎట్లా తెలిసిందో అడిగి రాసుకున్నా" అని కాగితం చేతిలో పెట్టింది. మసి వేళ్ల ముద్రలతో అందులో ఉన్నది ఇది: "మూత తీస్తే తడి మట్టి వాసన పోయి, వేయించిన కంది వాసన రావాలి. ఉలవ వేళ్ల మధ్య నలిపితే పొట్టు మాత్రమే మిగలాలి. కట్టు చేతికి జిగురుగా తగలాలి."

ఆ కాగితం ఈ రోజు తెచ్చాను. సభ అయ్యాక కావలసినవాళ్లు చూసి రాసుకోండి. మీ ఇంట్లో ఉలవచారుకి ఇంకో గుర్తు ఉంటే దాని వెనకవైపు రాయండి, పెన్ను అక్కడే పెట్టాను.