బస్సులో ఒక టేపు, ఎనిమిది మైళ్ల ఎత్తు

అందరికీ నమస్కారం. వెనక వరసల్లో వినిపిస్తోందా? సరే. సంగీతం గురించి మాట్లాడతాడని పోస్టర్‌లో వేశారు కాబట్టి ఎక్కడ పాడతాడో అని భయపడకండి, నేను పాడను. ఒకే ఒక్క పాట గురించి మాట్లాడతాను, చివర్లో దాన్ని రెండుసార్లు వేసి వెళ్లిపోతాను. రెండుసార్లు ఎందుకన్నది అప్పుడు చెప్తాను.

పాట పేరు 'ఎయిట్ మైల్స్ హై'. 1966 మార్చిలో వచ్చింది, మూడున్నర నిమిషాలుంటుంది. చేసింది ది బర్డ్స్ అనే లాస్ ఏంజెలిస్ బ్యాండ్. కాలేజీలో ఉండగా ఓ ఆదివారం ఇంట్లో టేప్ రికార్డర్‌లో పెట్టుకుని వింటుంటే వంటింట్లోంచి మా అమ్మ, "ఏంట్రా, ఇంకా శ్రుతి చేసుకుంటూనే ఉన్నారా? ఎప్పుడు మొదలెడతారు?" అంది. అప్పటికి పాట సగం పైన అయిపోయింది. నేను నవ్వేశాను. మా అమ్మ పెళ్లికి ముందు కొన్నేళ్లు సంగీతం నేర్చుకుంది, ఆ మాట ఊరికే అనలేదని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది.

ముందు ఈ బర్డ్స్ ఎవరో చూద్దాం. ఐదుగురు కుర్రాళ్లు: మెక్‌గిన్, జీన్ క్లార్క్, డేవిడ్ క్రాస్బీ, క్రిస్ హిల్మన్, మైకేల్ క్లార్క్. చాలామంది జానపద పాటల నుంచి వచ్చినవాళ్లే. బీటిల్స్ సినిమాలో జార్జ్ హారిసన్ చేతిలో పన్నెండు తీగల రికెన్‌బ్యాకర్ గిటార్ చూసి మెక్‌గిన్ కూడా అలాంటిదే కొనుక్కున్నాడు. 1965లో బాబ్ డిలన్ రాసిన 'మిస్టర్ టాంబరిన్ మ్యాన్'ని ఆ గిటార్‌తో, ముగ్గురి గొంతుల హార్మనీతో పాడితే అమెరికాలోనూ బ్రిటన్‌లోనూ నంబర్ వన్ అయింది. (ఆ రికార్డు మీద బ్యాండ్ తరఫున వాయించింది మెక్‌గిన్ ఒక్కడే, మిగతా వాయిద్యాలన్నీ స్టూడియో వాళ్లవి. కంపెనీకి కుర్రాళ్ల మీద అంత నమ్మకం మరి!) అదే ఏడాది డిసెంబరుకి, బైబిల్ వాక్యాలకి పీట్ సీగర్ బాణీ కట్టిన 'టర్న్! టర్న్! టర్న్!' కూడా నంబర్ వన్. జానపద పాటల్ని రాక్ బ్యాండ్ పద్ధతిలో వాయించే ఫోక్ రాక్ అంటే వీళ్లే అన్న పేరొచ్చేసింది. ఇంకో పదేళ్లు అదే చేసుకుంటూ పోయినా అడిగేవాళ్లు లేరు.

కానీ అదే ఏడాది నవంబరులో వీళ్లు ఒక టూర్‌కి వెళ్లారు. డిక్ క్లార్క్ అనే టీవీ ఆయన నడిపే కారవాన్: ఊరూరా తిరగడం, వాయించడం, మళ్లీ బస్సెక్కడం. క్రాస్బీ ఒక క్యాసెట్ తెచ్చాడు. అప్పటికి క్యాసెట్ అంటేనే కొత్త వస్తువు. ఒక వైపు రవిశంకర్ సితార్, రెండో వైపు అమెరికన్ జాజ్ కళాకారుడు జాన్ కోల్ట్రేన్ సాక్సోఫోన్. అది అయిపోగానే తిప్పి పెట్టడం, మళ్లీ తిప్పడం, రోజుల తరబడి అదే. మన కాలేజీ టూర్లలో డ్రైవర్ దగ్గర ఒకటే క్యాసెట్ ఉంటే ఏమవుతుందో మీకు తెలుసు, తిరిగొచ్చేసరికి అందులో పాటలన్నీ మనకి నోటికి వచ్చేస్తాయి. వీళ్లకీ అదే జరిగింది.

క్రాస్బీకి రవిశంకర్ ఎలా దొరికాడంటే, అదీ కాకతాళీయమే. రవిశంకర్ ఎల్పీలు వేసే వరల్డ్ పసిఫిక్ స్టూడియోలోనే బర్డ్స్ మొదట్లో రాత్రిపూట ప్రాక్టీస్ చేసుకునేవాళ్లు. ఇక ఆ టేపు రెండో వైపున్న కోల్ట్రేన్ కూడా రవిశంకర్ అభిమానే. 1965లో పుట్టిన కొడుక్కి రవి అని పేరు పెట్టుకున్నాడు. 'ఇండియా' అని ఒక ట్రాక్ కూడా చేశాడు. అంటే టేపు ఏ వైపు తిప్పినా బస్సులో మోగింది మన సంగీతమో, దాని నీడో.

ఇప్పుడు పాటలోకి వద్దాం. మొదట హిల్మన్ బేస్ ఒక్కటే, ఒకే ముక్కని పట్టుకుని గునుస్తూ ఉంటుంది. దాని మీద డ్రమ్స్, క్రాస్బీ రిథమ్ గిటార్. అప్పుడొస్తుంది మెక్‌గిన్ పన్నెండు తీగలు. మొదటి నాలుగు స్వరాలు తిన్నగా కోల్ట్రేన్ 'ఇండియా' నుంచి తీసుకున్నవే, ఆ సంగతి మెక్‌గిన్ ఎప్పుడూ దాచలేదు. ఆ తర్వాత ఇక పరుగే, ఎక్కడ దిగుతాడో తెలియదు. డోరియన్ పోకడ వినిపిస్తుంది, అంటే మన లెక్కలో ఖరహరప్రియ స్వరాలు. త్యాగరాజ కీర్తన 'పక్కల నిలబడి' తెలిసినవాళ్లు ఇంటికెళ్లి పోల్చుకోండి. స్వరాలు దగ్గరివే, కానీ ఒక్క గమకం ఉండదు, స్వరం మీద నిలబడి ఊగడం అసలే ఉండదు. బేస్ మాత్రం కదలకుండా శ్రుతిపెట్టెలా కింద పడి ఉంటుంది. మా అమ్మ చెవికి తగిలింది అదే.

ఇక్కడ ఒక చిన్న టెక్నికల్ ముచ్చట, ఇది నాకు చాలా ఇష్టం. గిటార్ తీగ మీటగానే శబ్దం ఒక్కసారి లేచి వెంటనే పడిపోతుంది. సాక్సోఫోన్ అలా కాదు, ఊపిరి ఉన్నంతసేపు స్వరం నిలుస్తుంది. మరి గిటార్‌తో కోల్ట్రేన్‌లా ఎలా? వీళ్ల రికార్డు కంపెనీ కొలంబియా స్టూడియో ఇంజనీర్లు మెక్‌గిన్ గిటార్‌ని కంప్రెసర్లలోంచి గట్టిగా నడిపించేవాళ్లు. అది లేచే శబ్దాన్ని అణిచి, పడిపోయేదాన్ని పైకి లాగుతుంది, దాంతో స్వరం సాగుతుంది. 'టాంబరిన్ మ్యాన్'లో గంటల్లా మోగించిన ఆ కిటుకే ఇక్కడ సాక్సోఫోన్‌లా ఊదినట్టు వినిపించింది. వాయిద్యం అదే, పెట్టెలు అవే, మారింది బస్సులో విన్న సంగీతం ఒక్కటే. సైకడెలిక్ రాక్, అంటే వింటుంటే మత్తులో తేలుతున్నట్టు అనిపించే రాక్, దాని తలుపు తెరిచిన పాటల్లో ఇదొకటి అంటారు. ఆ తలుపు మాదకద్రవ్యాలతో తెరుచుకుందని చాలామంది నమ్మకం. నేను మాత్రం చెవులతో తెరుచుకుందంటాను.

మాటలకొస్తే, 1965 ఆగస్టులో వీళ్లు లండన్ వెళ్లిన సంగతే పాట. బీటిల్స్‌కి అమెరికా జవాబు అని ముందే ఊదరగొట్టడంతో అక్కడి విమర్శకులు ఉతికి ఆరేశారు. పైగా అదే ఊళ్లో 'ఐ' అక్షరంతో రాసుకునే ఇంకో బర్డ్స్ ఉండేది (వీళ్లది 'వై'తో), వాళ్ల మేనేజర్, ఆ పేరు మాదంటూ కోర్టు కాగితాలు పంపాడు. పాటలో కనిపించే ఆ చలి, వాన, దిక్కుతోచనితనం అక్కడివి. విమానాలు ఆరేడు మైళ్ల ఎత్తులోనే ఎగురుతాయి, ఎనిమిది అంటే వినడానికి బాగుంటుందని మార్చారు.

కానీ 'హై' అన్న మాట చాలదూ! ఇంగ్లీషులో మత్తులో ఉండటాన్నీ 'హై' అనే అంటారు. ఏప్రిల్ చివర్లో రేడియో స్టేషన్ల కోసం వచ్చే గావిన్ రిపోర్ట్ దీన్ని మత్తు పాట అంది. చాలా స్టేషన్లు ఆపేశాయి, అమెరికాలో 14వ స్థానం దగ్గర ఆగిపోయింది. అబ్బే అదేం కాదని బ్యాండ్ గట్టిగా వాదించింది, కొన్నేళ్ల తర్వాత మాత్రం అదీ కొంత ఉందని జీన్ క్లార్క్, క్రాస్బీ ఒప్పుకున్నారు. కాబట్టి నేను వీళ్లకి క్యారెక్టర్ సర్టిఫికెట్ ఏమీ ఇవ్వడం లేదు.

ఇంకో సంగతి నాకు చిరాకు. న్యూయార్క్ ప్రెస్‌మీట్‌లో వీళ్లు సితార్ పట్టుకుని కూర్చున్నారు, 'రాగా రాక్' అన్న పేరు పత్రికల్లో తిరిగింది. ఈ పాటలో సితార్ ఎక్కడా లేదు! రాగం అనడం కూడా నా దృష్టిలో ఎక్కువే. అమ్మడానికి ఓ లేబుల్ కావాలి, అంతే.

ఇందులో నన్ను బాగా కదిలించేది జీన్ క్లార్క్. బ్యాండ్‌లో ఎక్కువ పాటలు రాసింది అతనే, విమాన ప్రయాణం మీదున్న ఈ పాట మాటల్లో పెద్ద వాటా కూడా అతనిదే. అతనికి విమానం అంటే భయం. పాట విడుదల కావడానికి కాస్త అటూ ఇటుగా, న్యూయార్క్ వెళ్లే విమానంలో కూర్చుని, టెన్షన్ తట్టుకోలేక దిగిపోయాడు. ఆ తర్వాత బ్యాండ్ నుంచీ దిగిపోయాడు. జులైలో ఆల్బమ్ వచ్చేటప్పటికి నలుగురే. అమెరికాలో టాప్ 20కి చేరిన వాళ్ల ఆఖరి పాట ఇదే. రెండేళ్లకి బ్యాండ్ కంట్రీ మ్యూజిక్ వైపు మళ్లిపోయింది, అది ఇంకో రోజు మాట్లాడుకుందాం.

ఇక రెండుసార్లు ఎందుకంటే, ఈ పాటని మొదట 1965 డిసెంబరు 22న ఆర్‌సీఏ వాళ్ల స్టూడియోలో రికార్డు చేశారు. వేరే కంపెనీ స్టూడియోలో చేసింది మేం వేయం అంది కొలంబియా. దాంతో జనవరిలో మళ్లీ మొదటి నుంచి వాయించారు, లోకం విన్నది ఆ రెండోది. క్రాస్బీకి మొదటిదే నచ్చేది. నాకు రెండోదే నచ్చుతుంది, గిటార్ అందులోనే పూర్తిగా తెగించింది. డిసెంబరుది ముందు వేస్తున్నాను, వెంటనే జనవరిది. బాబూ, ఆ ఫ్యాన్ ఒక్క నిమిషం కట్టేస్తావా, బేస్ వినపడాలి. అయ్యాక చేతులెత్తించి లెక్కపెడతాను.