కిడ్నీలో మచ్చ, మొక్కలో మందు

శ్రోతలకు నమస్కారం.

బెంగళూరు చిక్కపేట వైపు గ్రంథిగె అంగళ్లలో, అంటే మూలికల దుకాణాల్లో, కిడ్నీకి మంచిదని అడిగితే గలిజేరు వేరు, పల్లేరు కాయలు, మానుపసుపు పొట్లం కట్టి ఇస్తారు. కిడ్నీ వడగట్టి బయటికి పంపాల్సిన క్రియాటినిన్ అనే వ్యర్థం రక్తంలో పెరిగి 1.8 అని రిపోర్టు వచ్చిన మర్నాడే కొన్ని ఇళ్లలో కషాయం పొయ్యెక్కుతుంది. ఈ మొక్కల్లో మందుగుణం లేదని కొట్టిపారేయలేం. కానీ మొక్కలో ఉన్న పదార్థానికీ, మనిషి కిడ్నీని కాపాడే మందుకీ మధ్య చాలా దూరం ఉంది. ఈవేళ మాట్లాడుకునేది ఆ దూరం గురించే.

ఒక్కో కిడ్నీలో సుమారు 10 లక్షల నెఫ్రాన్లు ఉంటాయి. రక్తాన్ని వడగట్టేవి అవే. షుగరో బీపీయో ఏళ్ల తరబడి వాటిని దెబ్బతీస్తుంటే, గాయపడ్డ కణాలు టీజీఎఫ్-బీటా అనే సంకేతాన్ని విడుదల చేస్తాయి. దాంతో చుట్టుపక్కల కణాలు స్వభావం మార్చుకుని కొల్లాజెన్ పీచును తయారుచేస్తాయి. మోకాలి మీద గాయమైతే మానగానే ఈ పని ఆగిపోతుంది. కిడ్నీలో దెబ్బ ఆగదు, కాబట్టి పీచు పేరుకోవడమూ ఆగదు. నెఫ్రాన్ ఉండాల్సిన చోట గట్టి మచ్చ మిగులుతుంది. దాన్నే ఫైబ్రోసిస్ అంటారు. దాదాపు సగం పనితనం పోయేదాకా క్రియాటినిన్ పెద్దగా పెరగదు. మనకు ఆలస్యంగా తెలియడానికి కారణం ఇదే.

పసుపులోని కర్కుమిన్, మానుపసుపులోని బెర్బెరిన్, ఉల్లిపాయలోని క్వెర్సెటిన్ ఎలుకల్లో ఈ మచ్చను తగ్గించాయి. ఫలితాలు నిజమే, ప్రయోగం ఎలా చేస్తారో కూడా చూడాలి. ఒక కిడ్నీ నుంచి మూత్రం దిగే నాళాన్ని దారంతో ముడివేస్తారు. 7 నుంచి 14 రోజుల్లో మచ్చ కడుతుంది. చాలా ప్రయోగాల్లో ముడివేసిన రోజునుంచో, అంతకు ముందునుంచో మందు ఇస్తారు. అక్కడ జరిగేది మచ్చ పడకుండా అడ్డుకోవడం. పదిహేనేళ్ల షుగరుతో ఇప్పటికే పడిపోయిన మచ్చ సంగతి వేరు.

ఇక మోతాదు. చిట్టెలుకకు కిలో బరువుకు 100 మిల్లీగ్రాముల కర్కుమిన్ ఇచ్చారనుకుందాం. మనిషికి లెక్కకట్టేటప్పుడు దాన్ని సుమారు 12తో భాగిస్తారు. 60 కిలోల మనిషికి దాదాపు 500 మిల్లీగ్రాములు అవుతుంది. పసుపులో కర్కుమిన్ నూటికి మూడు పాళ్లు అనుకుంటే రోజుకు 16 గ్రాముల పైన పసుపు, అంటే ఐదు టీస్పూన్లకు పైగా తినాలి. పసుపులో ఆక్సలేటు అనే లవణం ఎక్కువ. అంత పసుపు రోజూ తింటే ఆ ఆక్సలేటే కిడ్నీ గొట్టాల్లో స్ఫటికాలుగా దిగి కొత్త దెబ్బ తీయగలదు.

పోనీ, తిన్నదంతా ఒంటికి పడుతుందా అంటే అదీ లేదు. 1998లో మన బెంగళూరు సెయింట్ జాన్స్ వైద్య కళాశాల పరిశోధకులు 2 గ్రాముల కర్కుమిన్ మింగించి చూస్తే రక్తంలో దాని జాడే సరిగా దొరకలేదు. 20 మిల్లీగ్రాముల పిపరిన్, అంటే మిరియాల్లోని ఘాటు పదార్థం, కలిపి ఇస్తే 20 రెట్లు పెరిగింది. కర్కుమిన్‌ను పేగూ కాలేయమూ విరగ్గొట్టకుండా పిపరిన్ ఆపుతుంది. చిక్కేమిటంటే, అది ఫిట్స్‌కు వాడే ఫెనిటాయిన్ లాంటి మందుల మోతాదునూ అలాగే రక్తంలో పెంచుతుంది. బెర్బెరిన్ కూడా ఇలాంటిదే. కిడ్నీ మార్పిడి అయినవాళ్లలో, కొత్త కిడ్నీని ఒళ్లు తిరస్కరించకుండా వాడే సైక్లోస్పోరిన్ అనే మందును రక్తంలో సుమారు మూడోవంతు పెంచింది. మార్పిడి జరిగినవాళ్లు డాక్టరుకు చెప్పకుండా మానుపసుపు జోలికి పోకూడదు.

మనుషుల్లో జరిగిన ఒక పెద్ద పరీక్ష చెబుతాను. కెనడాలో పొట్టలోని పెద్ద ధమనికి ఆపరేషన్ చేయించుకున్న 606 మందిలో కొందరికి కర్కుమిన్, కొందరికి ఉత్తుత్తి బిళ్ల ఇచ్చారు. 2018లో ఫలితం వచ్చింది. కిడ్నీకి హఠాత్తుగా దెబ్బ తగిలినవాళ్లు కర్కుమిన్ వర్గంలో నూటికి 17, రెండో వర్గంలో 10. కాపాడుతుందనుకున్నది కాపాడలేదు.

మచ్చను పుట్టించే మొక్కలూ ఉన్నాయి. 1993లో బ్రస్సెల్స్ వైద్యులు, బరువు తగ్గే మూలికల బిళ్లలు వాడిన మహిళల్లో కిడ్నీలు వేగంగా పీచుబారడం గమనించారు. పేర్లు దగ్గరగా ఉండటంతో ఒక మూలిక బదులు అరిస్టొలోకియా జాతి మొక్క అందులో చేరింది. బిళ్లలు మానేసినా మచ్చ ముదురుతూనే పోయింది. తర్వాత కొందరికి మూత్రనాళాల్లో క్యాన్సరు వచ్చింది. మన ఈశ్వరి వేరు, గాడిదగడపాకు ఆ జాతివే. పొడి చేశాక ఏ వేరు ఏదో కంటితో పోల్చుకోలేం.

అయితే మొక్క నుంచి కిడ్నీ మందు అసలు రాలేదా అంటే, వచ్చింది. 1835లో ఆపిల్ చెట్టు వేరు బెరడు నుంచి ఫ్లోరిజిన్ అనే చేదు పదార్థాన్ని తీశారు. అది మూత్రంలోకి చక్కెరను వదిలిస్తుంది. నేరుగా మింగితే పేగులోనే విరిగిపోతుంది, కడుపు చెడుతుంది. రసాయన శాస్త్రజ్ఞులు విరగని బంధంతో దాని నమూనాలో కొత్త అణువులు కట్టారు. అలా వచ్చినదే డాపాగ్లిఫ్లోజిన్. 2020లో వచ్చిన పరీక్షలో 4,304 మంది కిడ్నీ రోగులు పాల్గొన్నారు. రోజుకు 10 మిల్లీగ్రాములు తీసుకున్నవాళ్లలో కిడ్నీ పనితనం సగానికి పడిపోవడం, పూర్తిగా చెడిపోవడం, లేదా కిడ్నీ, గుండె జబ్బులతో మరణం నూటికి 9 మందికి ఎదురైతే, తీసుకోనివాళ్లలో 14 మందికి పైగా ఎదురైంది. ఇది పాత మచ్చను కరిగించదు. వడపోత మీద ఒత్తిడి తగ్గించి కొత్త దెబ్బను నెమ్మదింపజేస్తుంది. ఇప్పుడు మన దేశంలో చాలా కంపెనీలు దీన్ని తయారుచేస్తున్నాయి. మీకు సరిపడుతుందో లేదో డాక్టరును అడగండి.

షుగరు, బీపీ ఉన్నవాళ్లు ఏడాదికొకసారి క్రియాటినిన్‌తో పాటు ఉదయపు తొలి మూత్రంలో ఆల్బుమిన్-క్రియాటినిన్ నిష్పత్తి, అంటే ఆల్బుమిన్ అనే ప్రొటీను మూత్రంలోకి ఎంత కారుతోందో, చూపించుకోవాలి. అది గ్రాముకు 30 మిల్లీగ్రాములు దాటితే, క్రియాటినిన్ మామూలుగా ఉన్నా సరే, మళ్లీ పరీక్షించి వైద్యం మొదలుపెట్టాలి. కషాయం మొదలుపెట్టామని టెల్మిసార్టాన్ లాంటి బీపీ బిళ్ల మానేయొద్దు. గలిజేరులో పొటాషియం లవణాలుంటాయి. కిడ్నీ బలహీనపడ్డప్పుడు, పైగా ఆ బీపీ బిళ్ల వాడుతున్నప్పుడు, రక్తంలో పొటాషియం పెరిగి గుండె లయ తప్పవచ్చు. ఇప్పటికే ఏదైనా మూలిక వాడుతుంటే దాచకండి. ఆ పొట్లాన్నీ, సీసానూ రిపోర్టులతో పాటు తీసుకెళ్లి డాక్టరు బల్ల మీద పెట్టండి. ఆ వారంలోనే పొటాషియం పరీక్ష రాయమని అడగండి.