పీజీ ఎంట్రన్స్‌కి కొద్ది నెలలే ఉంటే

(భీమవరంలో హౌస్ సర్జన్లు, ఇటీవలే ఎంబీబీఎస్ పూర్తిచేసినవారి సమావేశంలో ఒక జనరల్ మెడిసిన్ డాక్టర్ చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం.

మీలో కొందరు రాత్రి డ్యూటీ దిగి నేరుగా ఇక్కడికే వచ్చారని కళ్లు చూస్తేనే తెలుస్తోంది. నరసాపురం, పాలకొల్లు, అమలాపురం వైపు నుంచి పొద్దున్నే బస్సెక్కి వచ్చినవాళ్లూ ఉన్నారు. అందుకే నేరుగా విషయంలోకి వచ్చేస్తాను.

ఎండీ, ఎంఎస్ సీట్ల కోసం రాసే నీట్ పీజీ గురించి మీరు నన్ను అడిగింది ఒకటే ప్రశ్న. "మేడమ్, నీట్ పీజీకి మూడు నాలుగు నెలలే ఉంది, అవుతుందా?" అవుతుంది. కానీ ఆ మూడు నెలల్లో ఎంబీబీఎస్ అంతా మళ్లీ మొదటి పేజీ నుంచి చదవడం అవదు. దానికి ప్రయత్నించినవాళ్లు అనాటమీ, ఫిజియాలజీ బాగా చదివి, మెడిసిన్ సగంలో ఉండగానే పరీక్ష హాల్లోకి వెళ్తారు. మీరు ఫైనల్ ఇయర్ పాసై వచ్చినవాళ్లు. చాలా విషయాలు మీ బుర్రలో ఎక్కడో ఉన్నాయి, అడిగినప్పుడు బయటికి రావడం లేదు, అంతే. ఈ కొద్ది నెలలూ ఆ బయటికి తీసే పని మీద పెట్టండి. పుస్తకం చదివి ప్రశ్నకు వెళ్లకండి. ముందు ప్రశ్న చెయ్యండి, అక్కడ తడబడితే ఆ ముక్క కోసం పుస్తకానికి వెళ్లండి. ఈరోజు నేను చెప్పేదంతా దీని చుట్టూనే తిరుగుతుంది.

ఇది నా నమ్మకం మాత్రమే అనుకోవద్దు. 2006లో రోడిగర్, కార్పికి అనే ఇద్దరు అమెరికన్ సైకాలజిస్టులు ఒక ప్రయోగం ప్రచురించారు. విద్యార్థులకు ఒక పాఠం ఇచ్చారు. కొందరు దాన్నే మళ్లీ చదివారు. ఇంకొందరు చదివాక కాగితం మూసేసి, గుర్తున్నది రాశారు. ఐదు నిమిషాల తర్వాత పరీక్ష పెడితే మళ్లీ చదివినవాళ్లే ముందున్నారు. వారం తర్వాత పెడితే తారుమారైంది, గుర్తుతెచ్చుకుని రాసినవాళ్లకు బాగా ఎక్కువ జ్ఞాపకం ఉంది. నోట్స్ మూడోసారి తిప్పుతున్నప్పుడు "ఇదంతా నాకు వచ్చు" అనిపిస్తుంది చూడండి, ఆ హాయిని నమ్మవద్దు. కళ్లకు పరిచయమైన పేజీ వేరు, ఖాళీ తెర ముందు తట్టే జవాబు వేరు.

పరీక్ష ఎలా ఉంటుందో మీకు తెలుసు. అయినా ఒకసారి చెప్తాను, ఎందుకంటే తయారీ కూడా దాని ఆకారంలోనే ఉండాలి. 200 ప్రశ్నలు, మూడున్నర గంటలు. సరైన జవాబుకి 4 మార్కులు, తప్పుకి 1 పోతుంది. 2024 నుంచి దీన్ని అయిదు సెక్షన్లు చేశారు. ఒక్కో దాంట్లో 40 ప్రశ్నలు, 42 నిమిషాలు. టైం అయిపోతే ఆ సెక్షన్ మూతపడుతుంది, మళ్లీ వెనక్కి వెళ్లే వీలు లేదు. ముందు తేలికైనవి చేసి చివర్లో తిరిగి చూద్దాం అనుకునే పాత పద్ధతి ఇప్పుడు ఆ 42 నిమిషాల లోపలే జరగాలి.

హౌస్ సర్జన్లకు ఇది ఒక రకంగా మేలే చేసింది. డ్యూటీలో ఉన్నవాళ్లకు మూడున్నర గంటలు ఒకేసారి ఎవరిస్తారు? 42 నిమిషాలు మాత్రం దొరుకుతాయి. ఓపీ అయ్యాక, క్యాజువాలిటీకి వెళ్లే ముందు, హాస్టల్లో కరెంటు పోయి అందరూ బయట కూర్చున్నప్పుడు. రోజుకి అలాంటి బ్లాకులు రెండు చెయ్యండి. ఫోన్లో టైమర్ పెట్టి, మధ్యలో జవాబు చూడకుండా, అన్ని సబ్జెక్టులూ కలిసిన 40 ప్రశ్నలు. నెలకి రెండుసార్లు, సెలవు దొరికిన రోజున, గ్రాండ్ టెస్ట్, అంటే పూర్తి నమూనా పరీక్ష రాయండి. అందులో వచ్చిన ర్యాంకు చూసి ఆ రోజంతా పాడుచేసుకోవద్దు. ఏ ప్రశ్నలు పోయాయో అదే ఆ పరీక్ష మీకిచ్చిన సొత్తు.

పోయిన ప్రశ్నలను ఎలా చూడాలన్నది ఎక్కువమంది పట్టించుకోరు. జవాబు చదివి "ఓహో" అనుకుని ముందుకు పోతారు. బ్లాకుకి 42 నిమిషాలు పడితే, దాన్ని తిరిగి చూడటానికి అంతకంటే ఎక్కువ సేపు పట్టాలి. ప్రతి తప్పు దగ్గరా ఆగి, ఎందుకు పోయిందో ఒక మాట రాసుకోండి. అసలు తెలియక పోయిందా, తెలిసీ రెండు ఆప్షన్ల మధ్య ఊగిసలాడి పోయిందా, ప్రశ్నలో "కానిది ఏది" అన్న మాట చూడక పోయిందా? తెలియనిది చదివితే సరిపోతుంది. ఊగిసలాడినది మాత్రం ఆ రెండింటినీ పక్కపక్కన పెట్టి తేడా రాసుకుంటేనే తేలుతుంది. సరిగ్గా చదవక పోగొట్టుకున్నవి మీకు ఎక్కువగా కనిపిస్తే, ఇంకో పుస్తకం కొనకండి, నిద్ర ఎంత పోతున్నారో చూసుకోండి.

ఇప్పుడు కాస్త ఎక్కువసేపు మాట్లాడాలనుకున్న దగ్గరికి వచ్చాను. మీ తయారీలో సగం మీ వార్డులోనే ఉంది.

బోదకాలు తీసుకోండి. మన గోదావరి జిల్లాల్లో ఎప్పటినుంచో ఉన్న జబ్బు. ఓపీలో కాలు వాచిన పెద్దాయన వస్తే మనం మందు రాసి పంపేస్తాం. ఈసారి ఆయన వెళ్లాక రెండు నిమిషాలు మిమ్మల్ని మీరే అడగండి. ఏ పురుగు? వుచెరేరియా బాంక్రాఫ్టి. ఏ దోమ? క్యూలెక్స్ క్వింక్విఫేసియేటస్, మురుగునీటి దోమ. రక్తం ఎప్పుడు తీయాలి? రాత్రిపూట, ఎందుకంటే ఆ పురుగు పిల్ల, మైక్రోఫైలేరియా, అప్పుడే పైరక్తంలోకి వస్తుంది. మరి స్లైడ్ మీద, బోదకాలు తెచ్చే ఇంకో పురుగు బ్రూజియా మలయి నుంచి ఎలా వేరుచేస్తారు? బాంక్రాఫ్టి తోక చివర న్యూక్లియైలు ఉండవు, బ్రూజియాకి చివర రెండు ఉంటాయి. బ్రూజియాని మోసే మాన్సోనియా దోమ లార్వా నీటి మొక్కల వేర్లను పట్టుకుని బతుకుతుంది. పరీక్షలో పిస్టియా అని అడుగుతారే, అది మన చెరువుల్లో తేలే అంతరతామరే. ఇక్కడికి మైక్రోబయాలజీ, పీఎస్ఎం (సామాజిక వైద్యం) అయ్యాయి.

మందు డీఈసీ, అంటే డైఇథైల్‌కార్బమజైన్, కిలో బరువుకి 6 మిల్లీగ్రాములు, 12 రోజులు. ఊరంతటికీ ఏడాదికోసారి మాత్రలు పంచేటప్పుడు ఎవరికి ఇవ్వకూడదు? గర్భిణులకు, రెండేళ్లలోపు పిల్లలకు, బాగా జబ్బుతో ఉన్నవాళ్లకు. మూడు మందులు కలిపి ఇచ్చే పద్ధతిలో డీఈసీకి తోడు ఏవి? ఐవర్‌మెక్టిన్, ఆల్బెండజోల్. ఇది ఫార్మకాలజీ. రాత్రుళ్లు దగ్గు, ఆయాసం, రక్తంలో ఇసినోఫిల్స్ అనే తెల్లకణాలు విపరీతంగా పెరిగి, స్లైడ్‌లో మైక్రోఫైలేరియా మాత్రం కనబడకపోతే ట్రాపికల్ పల్మనరీ ఇసినోఫీలియా. దానికీ డీఈసీయే. ఇది మెడిసిన్. పాలలాంటి మూత్రం, వరిబీజం, ఇవి సర్జరీ. ఒక్క పేషెంటు, అయిదు సబ్జెక్టులు. ఆయన ముఖం గుర్తున్నంతకాలం ఈ సంగతులు పోవు.

ఆ డీఈసీ దగ్గర ఇంకొక్క నిమిషం ఆగుతాను, భీమవరంలో నిలబడి ఆయన పేరు చెప్పకుండా ఉండలేను. 1895లో ఈ ఊళ్లోనే పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు అమెరికాలో లెడర్లీ అనే మందుల కంపెనీ ల్యాబ్‌లో నడిపిన బృందమే 1947లో ఆ మందును బోదకాలుకు తెచ్చింది. మెట్రిక్ మూడోసారికి గానీ పాసవ్వని మనిషి. మద్రాసులో వైద్యం చదివితే ఎంబీబీఎస్ కాకుండా దానికంటే తక్కువదైన ఎల్ఎంఎస్ పట్టా చేతిలో పెట్టారు. ఆయన్ని తలుచుకుంటే మీ పరీక్షకే ఎన్ని ప్రశ్నలు దొరుకుతాయో చూడండి. ఫాస్ఫరస్ కొలిచే ఫిస్కే-సుబ్బారావు పద్ధతి, 1925. కండరంలో ఫాస్ఫోక్రియాటిన్‌ను కనుక్కోవడం. 1945లో ఫోలిక్ యాసిడ్‌ను ల్యాబ్‌లో తయారుచేయడం. దాని వెనకే, ఫోలిక్ యాసిడ్ పనిని అడ్డుకునే అమైనాప్టెరిన్, దానితో 1948లో సిడ్నీ ఫార్బర్ పిల్లల ల్యుకేమియాలో (రక్త క్యాన్సర్‌లో) చూపించిన తాత్కాలిక ఉపశమనం, ఆ తర్వాత మెథోట్రెక్సేట్. అది ఏ ఎంజైమ్‌ని ఆపుతుంది? డైహైడ్రోఫోలేట్ రిడక్టేజ్. విషప్రభావం నుంచి కాపాడటానికి ఏమిస్తాం? ల్యూకోవోరిన్. ఇంకా ఎక్కడ వాడతాం? సోరియాసిస్, రుమటాయిడ్ ఆర్థరైటిస్, ట్యూబులో నిలిచిన గర్భం. ఇలా ఒకదాన్ని పట్టుకుని లాగితే పది వస్తాయి.

పాముకాటు కూడా అంతే. పొలాల్లో, రొయ్యల చెరువుల గట్ల మీద పనిచేసేవాళ్లు వచ్చే క్యాజువాలిటీ మీది. రాత్రి నేల మీద పడుకున్న మనిషికి తెల్లారేసరికి కడుపునొప్పి, కనురెప్పలు వాలిపోవడం, కాటు గుర్తే సరిగ్గా కనబడకపోవడం అంటే కట్లపామును తలుచుకోవాలి. కాటు దగ్గర వాపు, చిగుళ్ల నుంచి రక్తం, మూత్రం తగ్గిపోవడం అంటే రక్తపింజరి. శుభ్రమైన, పొడి గాజు ట్యూబులో రక్తం పోసి 20 నిమిషాలు కదపకుండా ఉంచి, గడ్డకట్టిందో లేదో చూసే పరీక్ష మీరు చేతులారా చేసినదే. దాని మీద ప్రశ్న వస్తే పుస్తకంతో పనేముంది? అందుకే డ్యూటీని చదువుకు శత్రువులా చూడకండి. జేబులో చిన్న నోట్‌బుక్ పెట్టుకుని, రోజుకి మూడు కేసుల నుంచి మూడు ప్రశ్నలు రాయండి. జవాబులు ఆ రాత్రే చూడండి.

ఇక 19 సబ్జెక్టులను ఎలా పంచుకోవాలి? దాళ్వాకి, అంటే రెండో పంటకి, గోదావరిలో నీళ్లు తగ్గినప్పుడు కాలువలకు వంతులవారీగా వదులుతారు కదా, మీ సమయాన్నీ అలాగే వదలండి. ఏ సబ్జెక్టు దగ్గరా నెల రోజులు కూర్చోవద్దు. మెడిసిన్, సర్జరీ, గైనిక్, పీఎస్ఎం, పాథాలజీ, ఫార్మా పెద్దవి, వాటికి వంతు కాస్త ఎక్కువ రోజులు. ఈఎన్‌టీ, ఆఫ్తాల్మాలజీ, స్కిన్, సైకియాట్రీ, అనస్థీషియా, రేడియాలజీ, ఫోరెన్సిక్ లాంటివి రెండు మూడు రోజుల్లో తిరిగిపోతాయి. వీటిని చివరికని వదిలేయడం చూస్తుంటే నాకు బాధేస్తుంది, తక్కువ శ్రమకు ఎక్కువ మార్కులిచ్చేవి అవే. అనాటమీలో మాత్రం మొహమాటం లేకుండా కొంత వదిలేయండి. ఎక్కడ కొట్టుకుపోతారో అక్కడికి దిగకపోవడమే మంచిది.

కొత్త నోట్స్, కొత్త వీడియోలు, ఎవరో టెలిగ్రామ్‌లో పెట్టిన పీడీఎఫ్‌లు, ఇవి ఈ దశలో వద్దు. మీ దగ్గర సగం పూర్తయిన ఏదో ఒక నోట్స్ ఉంది. అది గొప్పది కాకపోయినా మీ చేతి గీతలున్నది. దాన్నే పూర్తిచేయండి.

నెగెటివ్ మార్కుల సంగతి లెక్కగా చెప్తాను. ఏమీ తెలియని నాలుగు ప్రశ్నలకు గుడ్డిగా జవాబు పెడితే సగటున ఒకటి తగులుతుంది, 4 వస్తాయి. మూడు పోతాయి, 3 తగ్గుతాయి. నాలుగింటికి కలిపి 1 మార్కు మిగులు. అంటే నీట్ పీజీలో ఖాళీగా వదిలితే లాభం ఏమీ లేదు. రెండు ఆప్షన్లు కొట్టేయగలిగితే రెండు ప్రశ్నలకు 3 మార్కులు మిగులుతాయి, అక్కడ వెనకాడటం అసలు తగదు. ఎయిమ్స్, జిప్‌మర్ సీట్ల కోసం రాసే ఐఎన్ఐ సెట్ లెక్క వేరు. అక్కడ తప్పుకి మూడింట ఒక వంతు మార్కు పోతుంది కాబట్టి గుడ్డి జవాబుల సగటు సున్నా. కనీసం ఒక ఆప్షన్ కొట్టేయగలిగితేనే పెట్టండి. ఈ నిర్ణయాలు పరీక్ష హాల్లో తీసుకునేవి కావు, మీ 42 నిమిషాల బ్లాకుల్లోనే అలవాటైపోవాలి.

తేదీల గురించి. 2024లో జూన్ 23న జరగాల్సిన పరీక్షను ముందురోజు రాత్రి వాయిదా వేశారు, ఆగస్టు 11న పెట్టారు. 2025లో జూన్ 15 అన్నది, ఒకే షిఫ్టులో జరపమని సుప్రీంకోర్టు చెప్పాక ఆగస్టు 3 అయింది. అప్పుడు పిల్లలు పడ్డ టెన్షన్ దగ్గర్నుంచి చూశాను, ఇప్పటికీ కోపం వస్తుంది. మన చేతిలో ఉన్నది ఒక్కటే. వాయిదా పడుతుందన్న పుకారు విని చదువు ఆపవద్దు. పడితే దొరికిన వారాల్లో కొత్తవి ఎత్తుకోకండి, రాసుకున్న తప్పులనే ఇంకోసారి తిప్పండి.

ఇంటి దగ్గర చదువుకుంటున్న అమ్మాయిలకు ప్రత్యేకంగా ఒక మాట. ఇంట్లో ఉన్నారంటే ఖాళీగా ఉన్నారనుకుంటారు. చుట్టాలొస్తే కాఫీ మీరే కలపాలి, పేరంటానికీ మీరే వెళ్లాలి. అత్తగారింట్లో అయితే ఇంకా కష్టం. ఈ నాలుగు నెలలకు రోజులో ఏ గంటలు మీవో ఇంట్లో పెద్దవాళ్ల ముందు గట్టిగా చెప్పండి. చెప్పడం మర్యాద తప్పడం కాదమ్మా. వచ్చిన తల్లిదండ్రులు కూడా వింటున్నారు కాబట్టి వాళ్లకీ చెప్తున్నాను: "ఎంత ర్యాంకు వస్తుంది?" అని రోజూ అడగకండి. అన్నం వేళకి పెట్టండి, పడుకుంటే లేపకండి.

నిద్ర నిజంగా చదువులో భాగమే. పగలు చదివింది నిద్రలోనే జ్ఞాపకంగా గట్టిపడుతుంది. నైట్ డ్యూటీ దిగాక పుస్తకం తెరవకండి, పడుకోండి. లేచాక ఒక బ్లాకు చెయ్యండి. పరీక్ష ముందు చివరి రెండు రోజులు మీ తప్పుల నోట్‌బుక్, ఎక్స్‌రేలు, స్కిన్ బొమ్మలు, టీకాల షెడ్యూలు, ఇంతే. ముందురోజు సెంటర్ ఎక్కడుందో చూసొచ్చి త్వరగా పడుకోండి.

బయట టీ పెట్టారు, తాగి రండి. పదిహేను నిమిషాల్లో 40 ప్రశ్నల కాగితం ఇస్తాం, 42 నిమిషాలు. రాశాక మధ్యాహ్నం వరకూ నేనిక్కడే ఉంటాను, ఎవరి తప్పులు వాళ్లు పట్టుకుని రండి, కలిసి చూద్దాం.