తొమ్మిది రోజుల వేటకు ఏడాది పొడవునా పని

సభకు నమస్కారం.

అక్టోబరు వచ్చిందంటే మన అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రపు తెలుగు మిత్రులు కొందరు నాకు ఫోన్ చేసి, దుప్పి వేటకు ఏ తుపాకీ కొనమంటారని అడుగుతుంటారు. నవంబరులోని థాంక్స్‌గివింగ్ పండుగకు ముందు వచ్చే శనివారం మొదలై తొమ్మిది రోజులు సాగే తుపాకీ వేటకు అక్టోబరులో ప్రశ్నలు మొదలుపెట్టడం, ఆషాఢం దాటాక దుక్కి గురించి ఆలోచించడం లాంటిది. తుపాకీ అంగడిలో దొరుకుతుంది. నేల ఎరుక, చేతి నిలకడ మాత్రం మిగిలిన పదకొండు నెలల్లో సంపాదించుకోవలసినవి.

ముందుగా ఒక్క మాట. మన దేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం జింకనైనా దుప్పినైనా వేటాడడం నేరం. కృష్ణజింక ఆంధ్రప్రదేశ్‌కు, చుక్కల దుప్పి తెలంగాణకు రాష్ట్ర జంతువులు కూడాను. ఇక్కడి కథ వేరు. ఇరవయ్యో శతాబ్దం ఆరంభానికి, అడ్డూ అదుపూ లేని వేట వల్ల అమెరికాలో తెల్లతోక దుప్పులు కొద్ది లక్షలకు పడిపోయాయి. ఆ తరువాత లైసెన్సులు, వేట కాలపు హద్దులు వచ్చాయి. 1937లో వచ్చిన పిట్‌మన్-రాబర్ట్‌సన్ చట్టం వేట తుపాకుల మీద, తూటాల మీద వసూలయ్యే 11 శాతం పన్నును వన్యప్రాణుల సంరక్షణకు మళ్ళించింది. తెల్లతోక దుప్పుల సంఖ్య ఇప్పుడు సుమారు మూడు కోట్లు. తోడేళ్ళు లేకుండా పోయిన చోట్ల, వేట ఆగితే పంటలకూ అడవిలోని లేత మొక్కలకూ నష్టం తప్పదు.

నా దృష్టిలో వేటగాడికి అన్నిటికన్నా విలువైన నెల మార్చి. మంచు కరిగి, చెట్లు ఇంకా చిగురించని ఆ రోజుల్లో అడవి తెరిచిన పుస్తకంలా ఉంటుంది. నవంబరులో మగ దుప్పులు కొమ్ములతో రాసి బెరడు ఊడగొట్టిన చెట్లు, గిట్టలతో గీకిన నేల, పల్లానికి దిగే కాలిబాటలు, ఎండ తగిలే వాలులో అవి పడుకున్న గుంటలు అన్నీ ఆకుల చాటు లేకుండా కనబడతాయి. అప్పుడు మీ అలికిడికి అవి బెదిరినా, నవంబరుకల్లా మరిచిపోతాయి. అదే తిరుగుడు అక్టోబరు చివర తిరిగితే, మీరు వెతుకుతున్న దుప్పి రాత్రిపూట తప్ప అటు రావడం మానేస్తుంది.

ఆ నడకలో రాలిన కొమ్ములు దొరికితే ఇంకా మంచిది. మన కృష్ణజింక కొమ్ములు జీవితాంతం నిలిచి ఉంటాయి. దుప్పి కొమ్ములు మాత్రం ఏటా శీతాకాలంలో రాలిపోయి, వసంతంలో మళ్ళీ మొలిచి, వేసవి అంతా మెత్తని నూగు చర్మం కింద పెరిగి, సెప్టెంబరు నాటికి గట్టిపడతాయి. ఫిబ్రవరిలోనో మార్చిలోనో దొరికిన తాజా కొమ్ము, ఆ మగ దుప్పి వేట కాలాన్ని దాటి బతికిందనడానికి సాక్ష్యం. అయితే, నేల కాస్త వేడెక్కగానే పిడుదులు లేస్తాయి, వాటితోపాటు లైమ్ వ్యాధి భయమూ వస్తుంది. బట్టలకు పెర్మెత్రిన్ అనే పురుగుమందు పట్టించి, ఇంటికి రాగానే ఒళ్ళంతా చూసుకోవాలి.

వేసవి చివర ఓక్ చెట్ల కొమ్మలను బైనాక్యులర్‌తో చూడండి. తెల్ల ఓక్ కాయలో వగరు తక్కువ కనుక, అది రాలే రోజుల్లో దుప్పులు పక్కనున్న ఎర్ర ఓక్ కాయలను వదిలి దాని కిందకే చేరతాయి. ఆ చెట్టు దగ్గరకు ఏ గాలికి ఏ దారిన వెళ్ళాలో కూడా అప్పుడే రాసిపెట్టుకోవాలి. ఉదయం ఎండెక్కే కొద్దీ గాలి వాలు మీదికి ఎక్కుతుంది, సాయంత్రం చల్లబడగానే లోయలోకి దిగుతుంది. మీ వాసన దానితోనే పోతుంది. వాసన చంపుతాయని అమ్మే సీసాల మీద నాకు నమ్మకం లేదు. దుప్పుల రాకపోకలు పట్టే కెమెరాలు ఒకటి రెండు చాలు.

ఇక గురి. ఇక్కడ వీసాల మీద ఉన్నవారు జాగ్రత్తగా వినాలి. నాన్-ఇమిగ్రంట్ (తాత్కాలిక) వీసాదారులు తుపాకీ పట్టడాన్ని ఫెడరల్ చట్టం సాధారణంగా నిషేధిస్తుంది. చెల్లుబాటులో ఉన్న వేట లైసెన్సు అందులో ఒక మినహాయింపు. ఈ రాష్ట్రంలో వార్షిక లైసెన్సు మార్చి 31తో ముగుస్తుంది కాబట్టి, కొత్తది తీసుకోకుండా మే నెలలో గురి సాధన చేసే రేంజ్‌కు వెళ్ళి తుపాకీ పట్టినా చిక్కే. మీ విషయం న్యాయవాదితో తేల్చుకోండి. 1973 జనవరి 1న గానీ ఆ తరువాత గానీ పుట్టినవారికి హంటర్ ఎడ్యుకేషన్ శిక్షణ తప్పనిసరి అన్నదీ గుర్తుంచుకోండి.

బల్ల మీద ఆనించి వంద గజాల దగ్గర జీరో చేసుకోవడంతో, అంటే గురి పెట్టిన చోటే తూటా పడేలా సరిచేసుకోవడంతో, చాలామంది ఆపేస్తారు. అడవిలో బల్ల ఉండదు. దుప్పి గుండె, ఊపిరితిత్తులు ఉండే చోటు సుమారు ఎనిమిది అంగుళాలు, అంటే ఓ చిన్న పేపర్ ప్లేటంత. మోకాలి మీద కూర్చుని, కొద్ది దూరం పరుగెత్తి వచ్చిన ఆయాసంతో కాల్చండి. ప్రతి తూటా ఆ ప్లేటులో పడే దూరమే మీ హద్దు. నాది 120 గజాలు. అంతకు అవతల నిలబడ్డదాన్ని చూసి ఆనందిస్తాను. గాయపడ్డ దుప్పిని చీకట్లో వెతికిన రాత్రి ఒకటి నాకింకా మరపు రాలేదు.

మంచె సంగతి ఆగస్టులోనే చూడాలి. చెట్టు లావెక్కి మంచెను కట్టిన పట్టీలు బిగుస్తాయి, ఎండకు చీకుతాయి, ఉడతలు కొరుకుతాయి. పాత పట్టీలు తీసి కొత్తవి వేయండి. ఒళ్ళంతా పట్టే హార్నెస్ తొడుక్కుని, నేల మీంచి కాలు తీసిన క్షణం నుంచి తాడుకు తగిలించుకునే ఎక్కండి. జారిపడేది ఎక్కువగా ఎక్కేటప్పుడూ దిగేటప్పుడే.

చివరగా మాంసం. 2002లో విస్కాన్సిన్ దుప్పుల్లో తొలిసారి బయటపడిన సీడబ్ల్యూడీ (క్రానిక్ వేస్టింగ్ డిసీజ్) అనే మెదడు జబ్బు ఇప్పుడు చాలా కౌంటీల్లో ఉంది. దాన్ని కలిగించే ప్రియాన్‌లు, అంటే రూపం చెడిన ప్రోటీన్లు, ఉడికించినా నశించవు. మనుషులకు సోకినట్టు రుజువు లేకపోయినా, జబ్బు తేలిన జంతువు మాంసం తినవద్దని వైద్యాధికారులు చెబుతున్నారు. మనవాళ్ళు పది ఇళ్ళకు పంచనిదే తినరు గనుక ఇది మనకు మరీ ముఖ్యం. దుప్పి తలను పరీక్షకు ఇచ్చే చోటు ఎక్కడుందో సెప్టెంబరులోనే కనుక్కోండి. ఫలితం రావడానికి రోజులు పడుతుంది. అప్పటిదాకా ఆ పొట్లాల మీద తేదీ, ఆ దుప్పి రిజిస్ట్రేషన్ నంబరు రాసి విడిగా పెట్టడానికి ఫ్రీజర్‌లో ఒక అర ఖాళీగా ఉంచుకోండి.