వైద్యంలో కొత్త మాట నలుగురిలోకి రావాలి

శ్రోతలకు నమస్కారం.

1960 డిసెంబరు 31న వెలువడిన బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో, పాఠకుల ఉత్తరాల మధ్య ఒక చిన్న ఉత్తరం అచ్చయింది. రాసినవారు స్కాట్లండ్‌లో ఒక చిన్న పట్టణంలో ప్రాక్టీసు చేస్తున్న లెస్లీ ఫ్లారెన్స్ అనే డాక్టరు. రాత్రి నిద్ర పట్టడానికి థాలిడోమైడ్ అనే మందును ఏడాదిన్నరకు పైగా వాడిన నలుగురు రోగుల్లో కాళ్లూ చేతులూ తిమ్మిరెక్కడం, చల్లబడటం వంటి లక్షణాలు చూశాననీ, దీనికి ఆ మందే కారణమేమోనని తనకు అనుమానంగా ఉందనీ ఆ డాక్టరు రాశారు. అప్పటికి ఆ మందు చాలా దేశాల్లో ఎంతో సురక్షితమైనదన్న పేరుతో అమ్ముడవుతోంది. ఉత్తరంలో ఆరోపణ లేదు, సిద్ధాంతం లేదు. మందు పేరు, ఎందరు రోగులు, ఎంతకాలం వాడారు, ఏం కనిపించింది అన్న వివరాలున్నాయి. ఆ పైన ఒక ప్రశ్న ఉంది.

ఆ ఉత్తరాన్ని కొన్ని వారాల తర్వాత అమెరికాలో ఫ్రాన్సెస్ కెల్సీ చదివారు. ఆమె ఆ దేశపు ఆహార, ఔషధ నియంత్రణ సంస్థలో కొత్తగా చేరిన అధికారిణి. థాలిడోమైడ్ అమ్మకానికి అనుమతి కోరుతూ వచ్చిన దరఖాస్తు ఆమె బల్ల మీదే ఉంది. పెద్దవారి నరాలను దెబ్బతీయగల మందు, తల్లి కడుపులోని బిడ్డను ఏం చేస్తుందో మీకు తెలుసా అని ఆమె కంపెనీని అడిగారు. సరైన సమాధానం రాలేదు కాబట్టి, ఎంత ఒత్తిడి వచ్చినా అనుమతి ఇవ్వలేదు. 1961 చివరికి జర్మనీలో విడుకిండ్ లెంజ్, ఆస్ట్రేలియాలో విలియం మెక్‌బ్రైడ్ అసలు ప్రమాదాన్ని బయటపెట్టారు. గర్భిణులు ఆ మందు వేసుకున్నందువల్ల ప్రపంచమంతటా పదివేల మందికి పైగా పిల్లలు కాళ్లూ చేతులూ సరిగా ఎదగకుండా పుట్టినట్టు అంచనా. మెక్‌బ్రైడ్ తన అనుమానాన్ని లాన్సెట్ పత్రికకు కొన్ని వాక్యాల ఉత్తరంగానే రాసి, ఇలాంటి బిడ్డలను మీలో ఎవరైనా చూశారా అని తోటి వైద్యులను అడిగారు. ఆ మందును అధికారికంగా అమ్మకానికి అనుమతించని అమెరికాలో ఈ విషాదం చాలా స్వల్పంగా ఆగిపోయింది.

ఒక చిన్న పట్టణపు డాక్టరు నలుగురు రోగులను చూసి రాసిన నాలుగు మాటలు సముద్రం దాటి, వాటి అవసరం ఉన్న మనిషికి చేరాయి. వైద్యంలో ఒక పరిశీలన ఎంత చిన్నదైనా, దాన్ని ఎవరు చేసినా, ఇతరులు సరిచూసుకోగల రూపంలో నలుగురిలోకి వచ్చినప్పుడే అది ప్రాణాలను కాపాడగలదని నా గట్టి నమ్మకం. అలా రాకపోతే ఎంత నష్టమో చెప్పడానికి 19వ శతాబ్దపు వియన్నా వరకు వెళ్లాలి.

వియన్నా జనరల్ ఆసుపత్రిలో అప్పుడు రెండు ప్రసూతి విభాగాలుండేవి. మొదటి విభాగంలో వైద్య విద్యార్థులు, రెండో విభాగంలో మంత్రసానులు శిక్షణ పొందేవారు. గర్భిణిని ఏ విభాగంలో చేర్చుకోవాలన్నది ఆమె ఏ రోజు వచ్చిందన్న దాన్నిబట్టి ఉండేది. 1846లో మొదటి విభాగంలో ప్రసవించిన ప్రతి 100 మందిలో 11 మందికి పైగా తల్లులు మరణిస్తే, రెండో విభాగంలో ముగ్గురి లోపే మరణించారు. చాలావరకు కారణం బాలింత జ్వరమే. పెద్ద ప్రొఫెసర్లు ఈ తేడాకు గాలి అనీ, వాతావరణమనీ కారణాలు చెబుతుండగా, సామాన్య స్త్రీలకు మాత్రం విషయం ఎప్పుడో అర్థమైంది. మొదటి విభాగంలో చేర్చవద్దని వారు కాళ్లావేళ్లా పడి బతిమాలుకునేవారు. ఆ వేడుకోలును భయమని కొట్టిపారేయకుండా సమాచారంగా తీసుకుని ఉంటే ఎందరు తల్లులు బతికేవారో అని ఈ చరిత్ర చదివినప్పుడల్లా నాకు బాధ కలుగుతుంది.

ఆ సమాచారాన్ని పట్టించుకున్నవారు ఇగ్నాజ్ సెమ్మెల్‌వైస్ అనే యువ వైద్యుడు. 1847లో ఆయన సహచరుడొకరు శవపరీక్ష సమయంలో కత్తి గాటుపడి మరణించారు. ఆ శరీరంలో కనిపించిన మార్పులు బాలింత జ్వరంతో చనిపోయిన తల్లులలో కనిపించేవే. విద్యార్థులు శవాలను కోసిన చేతులతోనే ప్రసవాలు చేయించడానికి వస్తున్నారు. మంత్రసానులకు శవపరీక్షలతో పనిలేదు. సెమ్మెల్‌వైస్ ఈ రెండూ కలిపి చూసి, ప్రసూతి గదిలోకి వచ్చే ప్రతివారూ క్లోరిన్ సున్నం కలిపిన నీటితో చేతులు కడుక్కోవాలని ఆ ఏడాది మే నెలలో నియమం పెట్టారు. మరుసటి సంవత్సరం, అంటే 1848లో, మొదటి విభాగంలో మరణాలు నూటికి ఒకటిన్నర కంటే తగ్గి, రెండో విభాగంతో సమానమయ్యాయి.

ఇంత స్పష్టమైన ఫలితాన్ని వైద్యలోకం ఒప్పుకోలేదు. మా చేతులే రోగులను చంపుతున్నాయా అన్న అహంకారం అందుకు ముఖ్య కారణమని చరిత్రకారులు చెబుతారు. నేనూ ఒప్పుకుంటాను. కానీ మరో కారణం కూడా ఉంది. సెమ్మెల్‌వైస్ తన పరిశీలనను చాలా ఏళ్లపాటు తానుగా రాసి ప్రచురించలేదు. మిత్రులు ఆయన తరఫున క్లుప్తంగా ప్రకటించారు. ఆ ప్రకటనల్లో లెక్కలూ తర్కమూ పూర్తిగా లేనందువల్ల దూరదేశాల వైద్యులు ఆయన చెప్పినదాన్ని తప్పుగా అర్థం చేసుకున్నారు. ఆయన పూర్తి గ్రంథం 1861లో గానీ రాలేదు. పద్నాలుగేళ్ల ఆలస్యంతో వచ్చిన ఆ పుస్తకంలోనూ, ఆ తర్వాత రాసిన బహిరంగ లేఖల్లోనూ విజ్ఞానంతోపాటు కోపం నిండి ఉంది. ప్రత్యర్థులను హంతకులని పిలిచేంత కోపం. అంతమంది తల్లుల మరణాలు కళ్లారా చూసిన మనిషి కోపాన్ని నేను తప్పుపట్టలేను. అయినా ఆ పద్నాలుగేళ్లలో ఆ లెక్కల పట్టికలు ఐరోపాలోని ప్రతి ప్రసూతి ఆసుపత్రికీ చేరి ఉంటే, నమ్మనివారు కూడా తమ లెక్కలు తీసి చూసుకోక తప్పేది కాదు.

రాతలో పెట్టినంత మాత్రాన పని జరుగుతుందని కూడా చెప్పలేం. సెమ్మెల్‌వైస్ కంటే అర్ధ శతాబ్దం ముందే, 1795లో, స్కాట్లండ్‌లోని అబర్డీన్ వైద్యుడు అలెగ్జాండర్ గోర్డన్ ఈ జ్వరాన్ని వైద్యులూ మంత్రసానులే ఒకరినుంచి ఒకరికి మోసుకెళ్తున్నారని పుస్తకంగా రాశారు, తానే ఆ జ్వరాన్ని కొందరికి అంటించానని కూడా అందులో ఒప్పుకున్నారు. అయితే ఏ రోగికి ఎవరు పురుడు పోశారో పేర్లతో సహా పట్టిక వేయడంతో ఊరంతా ఆయనకు ఎదురుతిరిగింది. ఆ సంగతికి మళ్లీ వస్తాను.

ఇప్పుడు మీరు ఆలోచించవలసిన ఒక ఉదాహరణ చెబుతాను. 20వ శతాబ్దం మధ్యకాలంలో చాలా దేశాల్లో పసిపిల్లలను బోర్లా పడుకోబెట్టమని నిపుణులే సలహా ఇచ్చారు. వెల్లకిలా పడుకున్న బిడ్డ వాంతి చేసుకుంటే అది గొంతుకు అడ్డుపడుతుందని వారి తర్కం. వినడానికి ఎంతో సబబుగా ఉన్న ఈ మాటను ఎవరూ ముందుగా పరీక్షించి చూడలేదు. బోర్లా పడుకోబెట్టడం నిద్రలో సంభవించే ఆకస్మిక శిశు మరణాలను పెంచుతోందని అధ్యయనాలు చెప్పసాగాయి. 1970 నాటికే అందుకు ఆధారాలున్నాయని తరువాత అన్ని అధ్యయనాలనూ కలిపి చూసినవారు తేల్చారు. కానీ అవి ఎక్కడికక్కడ విడివిడిగా పడి ఉన్నాయి, కలిపి చూసినవారు అప్పట్లో లేరు. 1990 ప్రాంతంలో సలహా మార్చి, పిల్లలను వెల్లకిలా పడుకోబెట్టమని ప్రచారం చేసిన దేశాల్లో ఈ మరణాలు సగానికి పైగా తగ్గాయి. మంచి మనసుతో, పెద్ద పేరున్నవారు, సబబైన కారణంతో చెప్పిన మాట కూడా పసిప్రాణాలు తీయగలదు. అందుకే ఆరోగ్యం గురించి ఎవరు ఏం చెప్పినా, పరీక్షించి చూశారా అని అడగడం అమర్యాద కాదు.

మంచి ఆలోచన సరైన దారిలో సాగితే ఏమవుతుందో కూడా చూద్దాం. కలరా, విరేచనాలతో మనిషి చనిపోయేది ప్రధానంగా ఒంట్లో నీరూ లవణాలూ పోవడం వల్ల. ఉప్పునీరు ఒక్కటే తాగిస్తే జబ్బుపడిన పేగు దాన్ని సరిగా పీల్చుకోలేదు. గ్లూకోజ్ తోడైతే మాత్రం సోడియం దానితోపాటు పేగుగోడ దాటుతుంది, సోడియం వెంట నీరూ వెళ్తుంది. కలరా సమయంలోనూ ఈ దారి మూసుకుపోదు. 1960వ దశకంలో ఈ సూత్రం ప్రయోగశాలల్లో తేలింది, 1968లో ఢాకాలో కలరా రోగులపై విజయవంతమైంది. అయినా నరానికి ఎక్కించే సెలైనే అసలు చికిత్స అనీ, నోటితో తాగించడం శిక్షణ పొందినవారి పర్యవేక్షణలోనే జరగాలనీ చాలామంది వైద్యులు భావించేవారు.

1971లో బంగ్లాదేశ్ యుద్ధ సమయంలో లక్షలాది శరణార్థులు సరిహద్దు దాటి వచ్చినప్పుడు, పశ్చిమ బెంగాల్‌లోని బన్‌గావ్ దగ్గర శిబిరాల్లో కలరా చెలరేగింది. సెలైన్ సీసాలు అయిపోయాయి. అక్కడ పనిచేస్తున్న డాక్టర్ దిలీప్ మహలనబిస్ లీటరు నీటికి 22 గ్రాముల గ్లూకోజ్, మూడున్నర గ్రాముల ఉప్పు, రెండున్నర గ్రాముల వంటసోడా చొప్పున కలిపించి, ఆ ద్రవాన్ని పెద్ద డ్రమ్ముల్లో నింపించారు. రోగుల బంధువులే కప్పులతో పట్టుకెళ్లి తాగించారు. అంతకుముందు నూటికి 30 దాకా ఉన్న మరణాలు, ఈ ద్రవం వాడినవారిలో నాలుగు కంటే తక్కువకు దిగాయి. రేడియోలో మాట్లాడుతున్న నాకు ఎంతో సంతోషం కలిగించే విషయం ఒకటుంది. ఉప్పూ గ్లూకోజూ ఎలా కలపాలో కరపత్రాలు వేసి సరిహద్దు పొడుగునా పంచడమే కాక, రహస్యంగా నడిచే ఒక బంగ్లాదేశ్ రేడియో ద్వారా కూడా ఆ వివరాన్ని ప్రసారం చేశారు. వైద్య పత్రికలో ఆ ఫలితాలు 1973లో వెలువడ్డాయి. 1978లో లాన్సెట్ పత్రిక తన సంపాదకీయంలో, ఆ శతాబ్దంలోనే అత్యంత ముఖ్యమైన వైద్య పురోగతి ఇదే కావచ్చని రాసింది.

తరువాత బంగ్లాదేశ్‌లో బ్రాక్ అనే సంస్థ 1980 నుంచి పదేళ్లలో కోటి 20 లక్షలకు పైగా ఇళ్లకు కార్యకర్తలను పంపి, చిటికెడు ఉప్పూ పిడికెడు బెల్లంతో ఈ ద్రవం తయారుచేయడం నేర్పించింది. ఎన్ని ఇళ్లు తిరిగారన్నది చూసి కాకుండా, నేర్చుకున్న తల్లి కొన్నాళ్ల తర్వాత ద్రవాన్ని సరిగా కలపగలుగుతోందో లేదో పరీక్షించి, దాన్నిబట్టి కార్యకర్తకు జీతం ఇచ్చేవారు. ఆరోగ్య ప్రచారం చేసే ప్రతివారూ ఈ పద్ధతిని అధ్యయనం చేయాలి. మనం చెప్పాం అన్నది లెక్క కాదు, విన్నవారు చేయగలుగుతున్నారా అన్నదే లెక్క.

చెడ్డ ఆలోచన కూడా ఇదే దారుల్లో పయనిస్తుంది, తరచు మరింత వేగంగా. 1998లో అదే లాన్సెట్‌లో, కేవలం 12 మంది పిల్లలను పరిశీలించి, తట్టు, గవదబిళ్లలు, రుబెల్లా నివారణకు వేసే టీకాకూ ఆటిజానికీ సంబంధం ఉండవచ్చని సూచించే వ్యాసం వచ్చింది. దాన్ని విలేఖరుల సమావేశం పెట్టి మరీ చాటారు. పోలిక చూడటానికి టీకా వేయించుకోని పిల్లలు ఆ వ్యాసంలో లేరు. 2002లో డెన్మార్క్ పరిశోధకులు 5 లక్షల 37 వేలకు పైగా పిల్లల వివరాలు పోల్చి చూసి అటువంటి సంబంధం ఏదీ లేదని తేల్చారు. వ్యాసంలోని వివరాలు వాస్తవానికి విరుద్ధమని తేలాక, 2010లో పత్రిక దాన్ని ఉపసంహరించుకుంది. ఆలోగా భయపడిన తల్లిదండ్రులు టీకాలు మానడంతో తట్టు తిరిగి వచ్చింది. తప్పును దిద్దిన వార్త, తప్పు చేరినంత దూరం చేరదు. అందుకే ఆరోగ్య విషయాలను ప్రచారం చేసే చోట్ల దిద్దుబాటుకు కూడా మొదటి వార్తకు ఇచ్చినంత చోటు, అంత గొంతు ఇవ్వాలని నేను కోరుతున్నాను.

మరి మాట్లాడే అర్హత ఎవరికి? థాలిడోమైడ్ తర్వాత 1964లో బ్రిటన్‌లో, మందుల దుష్ప్రభావాలను వైద్యులు తెలియజేయడానికి పసుపు కార్డు పద్ధతి వచ్చింది. 1968లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇటువంటి సమాచారాన్ని దేశదేశాల నుంచి ఒకచోట చేర్చే కార్యక్రమం మొదలుపెట్టింది. రోగులు నేరుగా చెప్పే అవకాశం చాలాచోట్ల ఆ తర్వాత ఎంతోకాలానికి గానీ రాలేదు. వియన్నా స్త్రీలను తలచుకుంటే ఈ ఆలస్యం ఎంత అన్యాయమో తెలుస్తుంది. రోజూ మందు మింగేది రోగి, రాత్రంతా పక్కన కూర్చునేది బంధువు, వార్డులో తేడాను ముందుగా గమనించేది నర్సు. వారి మాట చివర వినే ఏర్పాటు వల్ల వైద్యానికే నష్టం.

అయితే ఇంకొకరి జబ్బు గురించి చెప్పేటప్పుడు ఒక హద్దు ఉంది. గోర్డన్ పట్టికలో రోగుల పేర్లూ, నివాసాలూ, పురుడు పోసినవారి పేర్లూ ఉన్నాయి. ఆయన ఉద్దేశం సత్యశోధనే. కానీ ఆ పేర్లు అచ్చయినందువల్ల చర్చ జ్వరం మీద నుంచి మనుషుల మీదికి మళ్లింది. రోగి ఎవరో పోల్చుకోగల వివరం ఏదైనా, ఫొటో అయినా, ఉద్యోగమైనా, ఊరైనా, ఆ రోగి అనుమతి లేకుండా వైద్యుడు గానీ బంధువు గానీ బయటపెట్టకూడదు. వయసు, జబ్బు, మందు, కాలం చాలు. విషయం అర్థమవడానికి పేరు అక్కర్లేదు.

మీ సొంత అనుభవం చెప్పదలచుకున్నప్పుడు మాత్రం వివరం ఎంత ఉంటే అంత మేలు. మందు పేరు, మోతాదు, ఏ రోజు మొదలుపెట్టారు, లక్షణం ఎన్నో రోజున కనిపించింది, దానితోపాటు ఇంకేం మందులు వాడుతున్నారు, పసరు మందులైనా సరే, రాసి ఉంచుకుని డాక్టరుకు చూపించండి. ఆ మందే కారణమని మీరు రుజువు చేయవలసిన పనిలేదు. దుష్ప్రభావాలను సేకరించే సంస్థలు అనుమానాలనే అడుగుతాయి, ఒకేలాంటి అనుమానాలు ఎన్నిచోట్ల నుంచి వస్తున్నాయో చూసి నిర్ధారించుకోవడం వారి పని. అనుమానం వచ్చింది కదా అని రక్తపోటుకో మూర్ఛకో వాడే మందును మీ అంతట మీరే ఒక్కసారిగా మానేయకండి; ముందు డాక్టరుతో మాట్లాడండి, ఆయన తేలిగ్గా తీసుకుంటే రాసుకున్న కాగితం తీసి మళ్లీ చూపించండి.