వరిమడిలో ఎరుపు నలుపు పురుగు: మందు కొట్టాలా, వద్దా?

వ్యాఖ్యాత: నమస్కారం. వరిలో పురుగుల గురించి మీ సందేహాలకు జవాబు చెప్పడానికి కీటక శాస్త్ర నిపుణురాలు స్టూడియోలో ఉన్నారు. మొదటి కాల్ కోవూరు వైపు నుంచి. చెప్పండన్నా.

రైతు: నమస్తే మేడం. నెల్లూరు మసూరి వేసినాం. పిలకలు బాగానే కట్టింది. ఇప్పుడు దుబ్బుల మొదట్లో ఎర్రగా నల్లగా ఒక పురుగు తిరగతా ఉంది. నడవదు మేడం, ఒకటే పరుగు. షాపులో అడిగితే సైపర్‌మెత్రిన్ ఇచ్చినారు. సాయంత్రం కొడదామని ఉండా.

నిపుణురాలు: ఆ మందు అట్లే ఉంచండి. ముందు పురుగేదో తేల్చుకుందాం. మడి దగ్గరే ఉన్నారా?

రైతు: గట్టు మీదే ఉండా. ఒకదాన్ని గాజు సీసాలో పట్టినా.

నిపుణురాలు: చేత్తో పట్టుకోలేదు కదా?

రైతు: లేదు మేడం, ఆకు కింద సీసా పెట్టి తట్టినా.

నిపుణురాలు: మంచి పని చేశారు. పొడవెంత ఉంది? తల నుంచి చివర దాకా రంగులు వరసగా చెప్పండి.

రైతు: వడ్లగింజంత ఉంది. తల నలుపు. దాని ఎనకాల గుండ్రంగా ఎర్ర ముక్క. తర్వాత నీలంగా మెరిసే రేకులు. మళ్లీ ఎరుపు. కొస మాత్రం నలుపు.

నిపుణురాలు: ఆ నీలం రేకులు వీపంతా కప్పాయా?

రైతు: లేదు, నడుం కాడే ఆగిపోయినాయి. ఎనక భాగమంతా కణుపులు కణుపులుగా బయటికే కనపడతా ఉంది. సీసా కదిపితే తేలు మాదిరి తోక పైకెత్తతా ఉంది మేడం!

నిపుణురాలు: ఇక అనుమానం లేదన్నా. అది రోవ్ బీటిల్. పెంకు పురుగుల క్రమం కోలియోప్టెరాలో స్టాఫిలినిడే కుటుంబానికి చెందింది. ఈ ఒక్క కుటుంబంలోనే అరవై వేలకు పైగా జాతులున్నాయి. మీరు చెప్పిన రంగులు పీడెరస్ ప్రజాతివి. మన వరిమళ్లలో మామూలుగా కనిపించేది పీడెరస్ ఫుస్కిపెస్. 1826లో జాన్ కర్టిస్ అనే ఇంగ్లండు శాస్త్రవేత్త దాన్ని మొదట వర్ణించారు. పొడవు ఏడెనిమిది మిల్లీమీటర్లు. దగ్గరి జాతులు కొన్ని అచ్చం ఇట్లాగే ఉంటాయి. వాటిని విడదీయాలంటే మగ పురుగు జననాంగాలను మైక్రోస్కోపు కింద చూడాల్సిందే. మీ పని వరకు ప్రజాతి తెలిస్తే చాలు.

వ్యాఖ్యాత: రేకుల సంగతి ఎందుకడిగారు మేడం?

నిపుణురాలు: గుర్తంతా అక్కడే ఉందండి. మామూలు పెంకు పురుగుకు ముందు రెక్కలు గట్టి పెంకుల్లా వీపును కప్పేస్తాయి. దీనికి అవి పొట్టివి. అందుకే ఒళ్లు ఎటైనా వంగుతుంది, పిలకల సందుల్లో, నేల నెర్రెల్లో దూరిపోతుంది. అట్లని ఎగరలేదనుకోవద్దు. ఆ పొట్టి రేకుల కింద పెద్ద రెక్కలు ఎన్నో మడతలు పడి ఉంటాయి. వాలగానే పొట్ట కొసను పైకి వంచి, దాంతోనే రెక్కల్ని లోపలికి సర్దుకుంటుంది. నాకు ఎన్నిసార్లు చూసినా తనివి తీరదు. అదే మడిలో ఒఫియోనియా అని ఇంకో పెంకు పురుగుంది. అదీ ఎరుపు నలుపులోనే ఉంటుంది, కానీ మెడ సన్నం, రేకులు దాదాపు వెనక దాకా ఉంటాయి. అదీ మిత్ర పురుగే.

రైతు: అయితే ఇది పైరుని తినదా?

నిపుణురాలు: పైరు జోలికి రాదన్నా. పైరును పాడుచేసే సుడిదోమ, పచ్చదోమ, ఆకుచుట్టు పురుగు గుడ్లు, చిన్న చిన్న లార్వాలు దీని తిండి. దీని పిల్ల పురుగులు కూడా వేటాడేవే. మీ దగ్గరున్న మందు పైరిత్రాయిడ్ అనే రకం పురుగుమందు. అది కొడితే ముందు పోయేవి ఈ మిత్ర పురుగులు. ఆ తర్వాత సుడిదోమ తగ్గకపోగా ఇంకా పెరుగుతుంది. షాపులో ఏం చెప్పినా సరే, ఈ పురుగును చూసి మందు కొట్టొద్దు. దుబ్బును తట్టి నీళ్లలో దోమ ఎంత పడిందో చూడండి. దోమ ఎక్కువుంటే దానికి తగిన మందేదో మీ వ్యవసాయాధికారిని అడగండి. సీసాలో దాన్ని దుబ్బు మొదట్లో వదిలేయండి.

వ్యాఖ్యాత: అల్లూరు నుంచి ఇంకో కాల్. చెప్పండమ్మా.

శ్రోత: మేడం, ఇప్పుడాయన చెప్పిన పురుగే మా వరండా లైటు కింద పడతా ఉంది. మా పాపకు మెడ మీద గీత గీసినట్టు ఎర్రగా బొబ్బలు లేచినాయి. సర్పి అంటున్నారు, పసరు పూయమంటున్నారు.

నిపుణురాలు: పసరు వద్దమ్మా. ఈ పురుగు కుట్టదు, కరవదు. దాని రక్తంలో పెడెరిన్ అనే విషముంటుంది. ఆడ పురుగు ఒంట్లో ఉండే ఒక బ్యాక్టీరియా దాన్ని తయారుచేస్తుంది. నిద్రలో మెడ మీద నలిపేస్తే ఆ రసం చర్మానికి రాసుకుంటుంది. వెంటనే ఏమీ తెలియదు, ఒకటి రెండు రోజులకు మంట, బొబ్బలు వస్తాయి. అందుకే పురుగు మీద అనుమానం రాదు. సర్పి కూడా ఇట్లాగే కనపడుతుంది కాబట్టి ఏదైనదీ డాక్టరే చూసి చెప్పాలి. పాప కళ్లు మంటంటోందా?

శ్రోత: కళ్లు బాగానే ఉండాయి మేడం.

నిపుణురాలు: మంచిది. బొబ్బలు చిదమనీయకండి, ఆ చేత్తో కళ్లు తుడుచుకోనీయకండి. కళ్లు ఎర్రబడితే మాత్రం ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి. ఇకమీద ఒంటి మీద వాలితే నలపకుండా ఊదేయండి, లేదా కాగితం మీదికి ఎక్కించి దించండి. నలిగితే వెంటనే సబ్బు, నీళ్లతో కడగాలి. పక్కబట్టలు ఉతకండి. పడుకునే ముందు దుప్పటి దులపండి. వరండా లైటు రాత్రంతా వెలగనీయొద్దు, అవి వచ్చేది వెలుతురుకే.

శ్రోత: ఇప్పుడే పాపను డాక్టరు కాడికి తీసకపోతాం మేడం.

వ్యాఖ్యాత: లైన్లో కందుకూరు నుంచి ఒక రైతు ఉన్నారు, మినుముల మీద ప్రశ్న. చెప్పండన్నా.