నీడ పట్టున పూసే మొక్కలు

శ్రోతలకు నమస్కారం.

ఉత్తరపు గోడ పక్కనో, మామిడిచెట్టు కిందో, అంట్లు తోమే గట్టు వెనకో చాలా ఇళ్లలో ఒక మూల ఉంటుంది. ఎండ సరిగా పడదు, నేల ఎప్పుడూ చెమ్మగా ఉంటుంది. అక్కడ గులాబీ నాటితే బక్కచిక్కిపోతుంది. బంతి వేస్తే ఆకులే తప్ప పువ్వు కనపడదు. విసుగొచ్చి చివరికి సిమెంటు పోయించేస్తారు. దయచేసి ఆ పని చేయకండి. ఆ నీడనీ ఆ తడినీ ఇష్టపడే పూలమొక్కలు మనకున్నాయి. అవి ఒకసారి నాటితే ఏళ్ల తరబడి పూస్తాయి.

ముందుగా కనకాంబరం సంగతి. ఇది మన దక్షిణాదిలోనూ శ్రీలంకలోనూ పుట్టిన మొక్క. పొద్దుటి ఎండ రెండు మూడు గంటలు తగిలి, మధ్యాహ్నం పలచని నీడ ఉంటే హాయిగా పెరుగుతుంది. కంకిలో పూలు కిందినుంచి పైకి వరసగా విచ్చుకుంటాయి. పూయడం అయిపోయిన కంకిని తుంచేస్తే పక్కనుంచి కొత్త కొమ్మలు వస్తాయి. కాయలు ముదరనిస్తే మాత్రం, ఎండిన కాయ మీద వాన చినుకు పడగానే టప్పున పేలి గింజలు దూరంగా పడతాయి. మరుసటి ఏడాదికి పెరట్లో ఎక్కడెక్కడో పిల్లమొక్కలు లేస్తాయి. ఢిల్లీ కనకాంబరానికి గింజలు రావు, దాన్ని కొమ్మ నాటే పెంచాలి.

కనకాంబరానికి తడి కావాలి, కానీ నీళ్లు నిలవకూడదు. వేళ్లకు గాలి ఆడకపోతే కుళ్లు పట్టి, పచ్చగా ఉన్న మొక్క కూడా వాడిపోతుంది. కృష్ణా, గుంటూరు వైపు నల్లరేగడి నేలల్లో ఈ బాధ ఎక్కువ. అడుగు లోతు గొయ్యి తీసి నీళ్లు నింపి చూడండి. తెల్లారేసరికి నీళ్లు ఇంకా నిలిచి ఉంటే, అక్కడ ఇసుక, బాగా చివికిన పశువుల ఎరువు, ఆకుల ఎరువు కలిపి జానెడు ఎత్తున మడి కట్టుకోండి. వేర్లకు పట్టే నులిపురుగుల నుంచి కాపాడటానికి వేపపిండి కూడా కలిపితే మంచిది. తెలంగాణ ఎర్ర చల్కా నేలల్లో నీరు తొందరగా ఇంకిపోతుంది. అక్కడ ఎండుటాకులు పరిచి తడిని నిలుపుకోవాలి.

నీడ విషయంలో ఒక సంగతి చాలామంది గమనించరు. ఉత్తరపు గోడ పక్కన ఎప్పుడూ నీడే అనుకుంటాం. చలికాలంలో అది నిజమే. కానీ హైదరాబాదులో మే 9 ప్రాంతంలో సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు. అప్పటినుంచి ఆగస్టు మొదటి వారం దాకా మధ్యాహ్నం పూట మనకు ఉత్తరం వైపునే ఉంటాడు. అంటే ఏడాదంతా నీడలో పెరిగిన లేత ఆకుల మీద సరిగ్గా మండువేసవిలో ఎండ పడుతుంది. ఆకులు మాడిపోతే ఏదో తెగులు అనుకుని మందులు కొట్టేవాళ్లున్నారు. మందులు అక్కర్లేదు. వానలు పడేదాకా ఒక పాత చీరో, గ్రీన్ షేడ్ నెట్టో పైన కడితే సరిపోతుంది.

ఇక నాకు అన్నిటికంటే ఇష్టమైనది జింజర్ లిల్లీ. అల్లం కుటుంబానికి చెందిన మొక్క, ఆకులు కూడా అలాగే పొడుగ్గా ఉంటాయి. మనిషి ఎత్తు దాకా పెరుగుతుంది. వానాకాలంలో కొమ్మ చివర తెల్లటి పూలు సీతాకోకచిలుకల్లా విచ్చుకుంటాయి. సాయంత్రం అయ్యేసరికి పెరడంతా ఘుమఘుమలాడుతుంది. తూర్పు హిమాలయాల నుంచి దక్షిణ చైనా దాకా దీని సొంత ప్రాంతం. ఎక్కడో ఉన్న క్యూబా దేశం దీన్నే జాతీయ పుష్పంగా చేసుకుంది! రోహిణి ఎండలు తగ్గి మృగశిర కార్తె వచ్చాక దుంపను విడదీసి, కనీసం ఒక మొలక ఉండేలా ముక్క చేసి, రెండంగుళాల లోతున నాటండి. పూసిన కాడ మళ్లీ పూయదు. దాన్ని మొదలుకంటా కోసేస్తే కొత్త పిలకలకు చోటు దొరుకుతుంది. కనకాంబరం కంటే దీనికి తడి ఎక్కువ కావాలి. నుయ్యి గట్టు దగ్గరైతే మరీ బాగుంటుంది. అయితే సబ్బునీళ్లు పారే చోట మాత్రం వద్దు.

అసలు ఎండే పడని చోట పీస్ లిల్లీ పెట్టుకోవచ్చు. మనం పువ్వు అనుకునే తెల్లని రేకు నిజానికి రూపు మారిన ఆకు. నడుమ ఉన్న చిన్న కంకి మీదే అసలు పూలు ఉంటాయి. దీని ఆకు నమిలితే నోరు మండి వాస్తుంది కాబట్టి పాకే పిల్లలున్న ఇంట్లో అందకుండా పెట్టండి. ఇళ్లలో పెంచుకునే మరో పూలమొక్క స్పైడర్ లిల్లీ, దాని గడ్డ కూడా విషమే.

చెమ్మ ఉన్న చోటికి వానాకాలంలో నత్తలు వస్తాయి. ఉప్పు చల్లితే నేల పాడవుతుంది. రాత్రి టార్చిలైటు పట్టుకుని, చేతికి కవరు తొడుక్కుని ఏరేయడమే మంచి పద్ధతి.

చివరగా మరో జాగ్రత్త. జింజర్ లిల్లీ దుంపలు ఎక్కువైతే ఇరుగుపొరుగుకు పంచండి, కాలవలో మాత్రం పారేయకండి. బ్రెజిల్, హవాయిలలో అది ఇలాగే వాగుల వెంట అల్లుకుపోయి స్థానిక మొక్కలకు చోటు లేకుండా చేసింది. మన ఏజెన్సీ వాగులకు ఆ గతి పట్టకూడదు. పంచగా మిగిలిన దుంపల్ని ముక్కలు చేసి, బాగా ఎండబెట్టాకే ఎరువు గుంటలో వేయండి.

నమస్కారం.